రైలు దిగిన హిప్పో

అమెరికాలో దాదాపు ప్రతి బడికీ ఒక మస్కట్ ఉంటుంది. బడి తన గుర్తుగా పెట్టుకున్న బొమ్మ అన్నమాట. టీషర్టుల మీద, గోడల మీద, జిమ్ నేల మీద అదే. ఆటల రోజున ఎవరో ఒకరు బొచ్చు వేషంలో దూరి ఎగిరేదీ అదే. ఎక్కువ బళ్ళు ఎంచుకునేవి గద్దలు, పులులు, బుల్‌డాగ్‌లు, తోడేళ్ళు. ఆ జాబితా చదువుతుంటే నాకు పిల్లల కంటే ముందు పాత రాజ్యాల జెండాలు గుర్తొస్తాయి. అన్నీ కోరలూ గోళ్ళూ. హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టుకి అది సరిపోతుందేమో. కానీ అదే బొమ్మ కిండర్‌గార్టెన్ దాకా దిగొస్తుంది. పాలపళ్ళు ఊడుతున్న ఆరేళ్ళ పిల్లకి కోరలున్న టీషర్టు తొడిగి, ఇది నువ్వే అని చెప్తారు.

అందుకే టెక్సస్‌లోని హట్టో అనే ఊరి సంగతి చదివినప్పుడు కాసేపు ఆగిపోయాను. అక్కడి బడిపిల్లలు హిప్పోలు. తెలుగులో నీటిగుర్రం అని రాస్తాం గానీ, నెహ్రూ జూకి వెళ్ళి మడుగు దగ్గర నిలబడ్డ ఎవరి నోటా ఆ మాట నేను వినలేదు. అందరూ హిప్పో అనే అంటారు, నేనూ అలాగే అంటాను. బడి గుర్తుని సాహిత్యంలా చదవొచ్చా అని అడిగితే, దాని వెనక కథ ఉన్నప్పుడు చదవొచ్చనే నా జవాబు. హట్టో హిప్పో వెనక ఉన్నది మంచి కథ. ఎంత మంచి కథ అంటే, దాన్ని వాడుకుంటున్న బడి ఉద్దేశాలకి అది పూర్తిగా లొంగదు.

ముందు కథ. హట్టో, ఆస్టిన్ నగరానికి ఈశాన్యంగా ఉన్న ఊరు. 1876లో రైలుమార్గం వచ్చినప్పుడు పుట్టింది. ఊళ్ళో తరతరాలుగా చెప్పుకునేదేమిటంటే, 1915లో ఒక సర్కస్ రైలు హట్టో స్టేషన్‌లో ఆగింది. బోగీలోంచి ఒక హిప్పో ఎలాగో తప్పించుకుని, దగ్గర్లోనే ఉన్న కాటన్‌వుడ్ క్రీక్ అనే వాగులోకి దిగిపోయింది. ఆ బురదా ఆ నీళ్ళూ దానికి నచ్చాయి. సర్కస్ వాళ్ళు ఎంత అదిలించినా బయటికి రాలేదు. స్టేషన్ ఏజెంట్ కంగారుపడి పక్క ఊళ్ళు టేలర్‌కీ రౌండ్‌రాక్‌కీ టెలిగ్రాం కొట్టాడు: హట్టోలో హిప్పో తప్పించుకుంది, రైళ్ళు ఆపండి అని. ఊరంతా గట్టున చేరి చూసింది. చివరికి నానా తంటాలు పడి దాన్ని తీసి, మళ్ళీ రైలెక్కించి పంపేశారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే బడి తన ఆటల జట్టుకి హిప్పో పేరు పెట్టుకుంది. ఇప్పుడు ఊళ్ళో దుకాణాల ముందూ ఇళ్ళ ముందూ రంగులేసిన కాంక్రీటు హిప్పోలు కూర్చుని ఉంటాయి. 2003లో రాష్ట్ర శాసనసభ హట్టోని టెక్సస్‌కి అధికారిక హిప్పో రాజధానిగా ప్రకటించింది. కాటన్‌వుడ్ క్రీక్ పేరుతో ఒక ఎలిమెంటరీ స్కూలే ఉంది. అంటే హిప్పో దాక్కున్న వాగు పేరున్న బడిలో పిల్లలు అ ఆ ఇ ఈల వయసు గడుపుతున్నారు.

నీళ్ళలోకి దిగిన పెద్ద జంతువు అనగానే తెలుగు చదువుకున్న వాళ్ళకి గజేంద్రుడు గుర్తురాక మానడు. రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే హట్టో కథ విడ్డూరం ఏమిటో తెలుస్తుంది. పోతన ఏనుగు మడుగులో చిక్కుకుంది, బయటపడాలి, బలం చాల్లేదు, పిలిచింది. హట్టో హిప్పో మడుగులో సుఖంగా ఉంది. బయటికి రాదలుచుకోలేదు. అది ఎవర్నీ పిలవలేదు. పిలుపులన్నీ గట్టు మీది మనుషులవే, టెలిగ్రాం సహా. గజేంద్రుడి కథలో నీళ్ళు ఆపద. ఇక్కడ నీళ్ళే ఇల్లు, రైలు ఆపద. కథలో ఎవరూ గొప్ప పని చెయ్యలేదు. హిప్పో ఎవర్నీ కరవలేదు, ఎవర్నీ కాపాడలేదు, పందెం గెలవలేదు. అది చేసిన పని ఒక్కటే, రానని మొరాయించడం. పిల్లలకి ఇంతకంటే బాగా అర్థమయ్యే పని ఏముంటుంది? స్నానాల గదిలోంచి రాని పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ కథ వారానికోసారి జరుగుతుంది.

మన బాలసాహిత్యంలో జంతువులకి కొదవ లేదు. చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక అచ్చువేసినప్పటి నుంచీ, నిజానికి పంచతంత్రం పుట్టినప్పటి నుంచీ, జంతువులే మనకి పాఠాలు చెప్తున్నాయి. కానీ అక్కడ ప్రతి జంతువుకీ ఒక ఉద్యోగం ఉంది. నక్కది జిత్తులు, కాకిది స్నేహం, సింహానిది చెప్పుడుమాటలు వినే రాజరికం. కథ మొదలవకముందే వాటి జాతకం రాసిపెట్టి ఉంటుంది. హిప్పోకి మన దగ్గర అలాంటి జాతకం లేదు. టెక్సస్ రైతులకీ 1915లో లేదు. ఇది దేనికి ప్రతీక అని ఎవరికీ ముందే తెలియని జంతువు ఊళ్ళోకి వచ్చింది. అందుకే ఊరు దాన్ని కళ్ళతో చూసింది, చూసింది చూసినట్టు చెప్పుకుంది. మస్కట్లలో చాలావాటికి లేనిది ఇదే. పులి అంటే శౌర్యం అని పిల్లకి ముందే చెప్పేస్తే, ఇక ఆ పిల్ల చేయాల్సింది ఒప్పుకోవడం ఒక్కటే. హిప్పో అంటే ఏమిటి అని అడిగితే మాత్రం ఎవరో ఒకరు కూర్చుని కథ చెప్పాలి.

ఇక ఆ ఒంటి సంగతి. మన బళ్ళలో కూడా జంతువుల పేర్లు వాడతారు, కానీ పొగడడానికి కాదు. దున్నపోతు, అడ్డగాడిద, కోతిమూక. క్లాసులో కొంచెం లావుగా ఉన్న పిల్లకి మొదటి వారంలోనే ఏనుగు అని పేరు పడిపోతుంది. మా బడిలో అలాంటి పేరు మోసిన అమ్మాయి ఒకరు పదో తరగతి అయ్యేదాకా గ్రూప్ ఫోటోలో వెనక వరసలోనే నిలబడింది. ఎవరూ నిలబడమనలేదు, తనే వెళ్ళి నిలబడేది. ఇంగ్లీషు మాట్లాడే చోట కూడా హిప్పో అనేది తిట్టే. అలాంటి తిట్టుని ఊరు మొత్తం పేరుగా పెట్టుకుంది. సన్నటి పిల్ల, బొద్దు పిల్ల, టీచరు, ప్రిన్సిపాల్, బస్సు డ్రైవరు, అందరూ హిప్పోలే. అందరూ మోసే మాటని ఒకరి మీద విసరడం కష్టం. వెక్కిరింపు అక్కడ మాయమైపోతుందని నేననను. పిల్లలు వెక్కిరించడానికి వేరే మాట వెతుక్కుంటారు. కానీ కనీసం ఆ ఒక్క మాట వాళ్ళ చేతికి ఆయుధంగా దొరకదు. టెక్సస్ లాంటి చోట, ఫుట్‌బాల్ అంటే శుక్రవారం సాయంత్రాల పూజ అనుకునే చోట, ఇది చిన్న విషయం కాదు.

ఎలిమెంటరీ స్కూల్ స్పిరిట్‌కీ హైస్కూల్ స్పిరిట్‌కీ ఉన్న తేడా ఇక్కడే పట్టుకోవాలి. హైస్కూల్లో 'మేం' అనడానికి ఎదుటి జట్టు కావాలి. ఓడించాల్సిన ఊరు, వేరే రంగు జెర్సీ, స్కోరు బోర్డు. ఎలిమెంటరీలో ఎదుటి జట్టు లేదు. శుక్రవారం బడి రంగు చొక్కా వేసుకురావడం, ఒకరోజు పైజామాలతో రావడం, ఇంకోరోజు జతకాని సాక్సులు వేసుకురావడం. అమెరికా చిన్నబళ్ళలో స్పిరిట్ వీక్ అంటే ఇంతే. ఎవరి మీదా గెలవకుండా కలిసి కాసేపు పిచ్చిగా ఉండడం. మనుషులు ఒక గుంపుగా ఉండటానికి శత్రువు అక్కర్లేని వయసు జీవితంలో చాలా కొద్దికాలమే ఉంటుంది. ఆ కొద్దికాలానికి పులి బొమ్మ అవసరం లేదు. నవ్వొచ్చే జంతువు కావాలి, గర్జించమంటే ఎలా గర్జించాలో ఎవరికీ తెలియని జంతువు కావాలి.

ఈ మాట అన్నాక హిప్పో గురించి నిజం కూడా చెప్పాలి. అడవిలోని హిప్పో గడ్డి తినే జంతువే అయినా మెత్తటి జంతువు కాదు. తన నీళ్ళ జోలికొస్తే పడవల్ని తలకిందులు చేస్తుంది. ఆఫ్రికాలో మనుషుల ప్రాణాలు తీసే పెద్ద జంతువుల్లో అదొకటి. దుకాణం ముందు కూర్చున్న కాంక్రీటు హిప్పోకి ఆ జ్ఞాపకం ఏమీ లేదు. దాని నోరు మూసి ఉంటుంది, లేదా నవ్వుతుంటుంది. గుర్తుగా మారిన ప్రతి జంతువుకీ ఇదే గతి. దాన్ని ముద్దు చేశాకే గోడెక్కిస్తారు.

అయినా కాంక్రీటు హిప్పోని నేను క్షమించగలను. క్షమించలేనిది ఇంకొకటుంది. చాలా అమెరికన్ ఎలిమెంటరీ స్కూళ్ళలో మస్కట్ పేరులోని అక్షరాల్ని విడగొట్టి, ఒక్కో అక్షరానికి ఒక్కో సుగుణం తగిలించి, ఆ పోస్టరుని వరండాల్లో అంటిస్తారు. గౌరవం, బాధ్యత, జాగ్రత్త. భోజనాల గదిలో ఎలా కూర్చోవాలి, వరండాలో ఎలా నడవాలి, బాత్రూంలో ఎంత మెల్లగా మాట్లాడాలి, అన్నీ ఆ జంతువు నోటితోనే చెప్పిస్తారు. క్రమశిక్షణ వద్దని కాదు. వంద మంది పిల్లల్ని వరసలో భోజనానికి తీసుకెళ్ళే టీచరు కష్టం నాకు అర్థమవుతుంది. కానీ ఒక కథని పోస్టరుగా కుదించినప్పుడు మొట్టమొదట చచ్చిపోయేది ఆ కథలోని పాత్రే. వరస తప్పి వాగులోకి దిగిపోయిన జంతువు పేరుతో, వరస తప్పకు అని చెప్పాల్సొస్తే, ఆ బడి తన పాఠాన్ని తనే సరిగా చదవలేదన్నమాట. పైగా స్పిరిట్ అనేది టీషర్టు రూపంలో అమ్ముడయ్యే సరుకు కూడా. శుక్రవారం అందరూ ఒకే రంగులో ఉన్న క్లాసులో వేరే రంగు చొక్కాతో వచ్చిన పిల్లవాడు మర్చిపోయాడా, కొనలేదా అన్నది టీచరుకి తెలియకపోవచ్చు. వాడికి తెలుసు.

మస్కట్‌ని పెద్దలు ఇవ్వడానికీ, పిల్లలు తెచ్చుకోవడానికీ తేడా ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రూజ్ క్యాంపస్ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. యాజమాన్యం సముద్రసింహం కావాలంది. విద్యార్థులు తమ అడవిలో పాకే పసుపురంగు బనానా స్లగ్ కావాలన్నారు. ఎముకల్లేని, జిగురుకారే పురుగులాంటి జీవి. 1986లో ఓట్లు వేసి మరీ దాన్ని గెలిపించుకున్నారు. పల్ప్ ఫిక్షన్‌లో జాన్ ట్రవోల్టా వేసుకున్న ఆ వింత టీషర్టు మీది బొమ్మ అదే. స్లగ్ గెలుపులో తిరుగుబాటు ఉంది, వెటకారం ఉంది, పోటీ అంటే ఏమిటో తెలిసి దాన్ని ఎద్దేవా చేసే తెలివి ఉంది. ఆరేళ్ళ పిల్లకి ఆ వెసులుబాటు లేదు. ఆమె ఓటు వెయ్యలేదు. పెద్దవాళ్ళు ఏ బొమ్మ చేతికిస్తే దాన్నే నమ్ముతుంది, వెటకారం లేకుండా నమ్ముతుంది. అందుకే చిన్నబడి గుర్తుని ఎంచుకునే పెద్దల మీద బాధ్యత ఎక్కువ. ఆ బాధ్యత తప్పితే ఏమవుతుందో కూడా అమెరికా చూసింది. దశాబ్దాల పాటు ఎన్నో బళ్ళు అక్కడి ఆదివాసుల్ని మస్కట్లుగా పెట్టుకున్నాయి. ఆ ఆదివాసుల పిల్లలే ఆ బళ్ళలో కూర్చుని, తమ తాతల్ని ఈకల టోపీ వేషంగా చూడాల్సొచ్చింది. 2019లో మెయిన్ రాష్ట్రం ప్రభుత్వ బళ్ళలో అలాంటి గుర్తుల్ని నిషేధించింది, దేశంలోనే మొదటిసారిగా.

మనకి మస్కట్లు లేవు అనుకుంటాం. హౌసులున్నాయి, ఎరుపు, నీలం, పచ్చ, పసుపు, లేదా గాంధీ, నెహ్రూ, బోస్, టాగోర్. బ్యాడ్జి మీద దీపం, పుస్తకం, ఎవరూ చదవని సంస్కృత వాక్యం. కానీ విజయవాడలోనో కూకట్‌పల్లిలోనో జూన్ నెలలో రోడ్డు మీద తలెత్తి చూడండి. మన బళ్ళకి మస్కట్ ఉంది. ఫ్లెక్సీ నిండా వరసలు వరసలుగా పాస్‌పోర్ట్ ఫోటోలు, ఒక్కో ఫోటో కింద ఒక ర్యాంకు. ఆ మొహాలే మన బడి గుర్తులు. ఆ గుర్తుతో మిగతా పిల్లలకి ఉన్న సంబంధం ఏమిటి? హట్టోలో ఏ పిల్లైనా నేను హిప్పోని అనగలదు, దానికి మార్కులు అక్కర్లేదు. మన ఫ్లెక్సీ కింద నడిచే పిల్ల నేను అదీ అనలేదు. ఎప్పటికైనా అది కాగలనా అని మాత్రమే అనుకోగలదు. స్పిరిట్ అన్న మాటకి తెలుగులో ఏమని రాయాలో నాకు చాలాసేపు తట్టలేదు. అభిమానం అంటే తగ్గుతుంది, స్ఫూర్తి అంటే ఉపన్యాసంలా ఉంటుంది. 'మా బడి' అన్నప్పుడు గొంతులో వచ్చే ఆ చిన్న ఒత్తు, అదే. అది చాలామంది పిల్లల గొంతుల్లో రాకపోవడానికి కారణాల్లో ఆ ఫ్లెక్సీ ఒకటని నా నమ్మకం.

ఇప్పుడు ఈ హిప్పో ఎవరిది అన్న ప్రశ్న. జనాభా లెక్కల ప్రకారం 2000లో హట్టో జనం 1,250. 2010కి 14,698. 2020కి 27,577. ఇరవై ఏళ్ళలో ఇరవై రెట్లు. అంటే ఈరోజు హిప్పో టీషర్టు వేసుకున్న పిల్లల్లో అత్యధికుల తాతముత్తాతలకి 1915తో ఏ సంబంధమూ లేదు. ఆస్టిన్ చుట్టూ పెరిగిన ఈ శివారు ఊళ్ళలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పక్కనే టేలర్‌లో సామ్‌సంగ్ చిప్‌ల కర్మాగారం లేచింది. అనంతపురంలోనో ఖమ్మంలోనో పుట్టిన తల్లిదండ్రుల పిల్ల టెక్సస్ చరిత్రలో ఎక్కడ నిలబడాలి? పత్తి చేలూ కౌబాయ్‌లూ అంతర్యుద్ధమూ, వేటిలోనూ ఆ పిల్లకి చోటు లేదు. హిప్పో కథలో ఉంది. ఒక నిమిషంలో నేర్చుకోవచ్చు, ఎవరి రక్తసంబంధమూ అక్కర్లేదు. అంతకంటే ముఖ్యం, ఆ కథలోని హిప్పోది కూడా ఆ ఊరు కాదు. ఎక్కడో పుట్టి, ఎవరి పని మీదో తిరుగుతూ, తనది కాని స్టేషన్‌లో దిగి, ఈ నీళ్ళు బాగున్నాయి అనుకుంది. పరాయి ఊరి నుంచి వచ్చినదాన్ని ఊరి గుర్తుగా పెట్టుకున్న కథ, వలస వచ్చిన పిల్లలకి ఇంతకంటే దగ్గరగా ఏ పాఠ్యపుస్తకంలో దొరుకుతుంది?

ఇంతవరకు చదివితే తియ్యగానే ఉంటుంది. అందుకే కథ చివరి వాక్యం దగ్గర నేను మొండికేస్తాను. హిప్పోని మళ్ళీ రైలెక్కించి పంపేశారు. ఊరు దాన్ని ఉంచుకోలేదు. ఉంచుకోగలిగేది కూడా కాదు, అది సర్కస్ వాళ్ళ సొత్తు. బొమ్మలూ బిరుదులూ అన్నీ అది వెళ్ళిపోయాక వచ్చినవే. వాగులో ఉన్నంతసేపూ అది సమస్య, రైళ్ళు ఆపాల్సిన ప్రమాదం. వెళ్ళాక ప్రేమ. వీసా కాగితాల మీద బతుకుతున్న ఇంటికి ఈ వరసక్రమం ఎందుకు గుచ్చుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఇంటి పిల్ల బడిలో హిప్పో. ఇంట్లో అమ్మానాన్నలు మాత్రం రైలు ఇక్కడ ఎంతసేపు ఆగుతుందో లెక్కపెట్టుకుంటూ ఉంటారు.

ఇలా చదివితే హిప్పో చెడ్డ మస్కట్ అవుతుందా? నా దృష్టిలో ఇంకా మంచిదవుతుంది. ఈ కథని చిన్నపిల్లలకి నవ్వుతూ చెప్పొచ్చు, వాళ్ళు పెద్దయ్యాక మళ్ళీ చదవొచ్చు. కిండర్‌గార్టెన్‌లో అది వాగులో మొరాయించిన జంతువు. ఐదో తరగతికి వచ్చేసరికి ఎవరో ఒక పిల్ల చెయ్యెత్తి, తర్వాత దానికి ఏమైంది అని అడుగుతుంది. అడగాలి. పులి బొమ్మ గురించి ఏ పిల్లా ఆ ప్రశ్న అడగదు, దానికి తర్వాత అంటూ ఏమీ లేదు కాబట్టి. హట్టో టీచర్లకి నేను సలహా చెప్పే స్థితిలో లేను. కానీ ఆ పోస్టరుని తీసేసి ఆ ప్రశ్నని గోడ మీద రాస్తే బాగుంటుంది అనిపిస్తుంది. సర్కస్‌లో అది ఎలా బతికింది, రైలు తర్వాత ఎక్కడ ఆగింది, మళ్ళీ ఎప్పుడైనా నీళ్ళు చూసిందా, పిల్లలు రాసుకుంటారు. ఒక్కొక్కళ్ళు ఒక్కో ముగింపు రాస్తారు. కొందరు దాన్ని ఆఫ్రికా పంపిస్తారు, కొందరు కాటన్‌వుడ్ క్రీక్‌కే తిరిగి తెస్తారు. ఆ కాగితాలన్నీ బడి గోడ మీద అంటించిన రోజున, ఆ ఊరి స్కూల్ స్పిరిట్ గురించి నాకింకే ఫిర్యాదూ ఉండదు.